పేర్చని పొయ్యి

ఫిన్లాండు ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆరోగ్య కేంద్రం. మార్చి మొదలు, బడులకు స్కీయింగ్ సెలవుల వారం, మధ్యాహ్నం. మంచం మీద బడి వంటావిడ హిల్యా, రెండు చేతులకూ కట్లు. కిటికీ దగ్గర ఆమె తమ్ముడు తౌనో. తలుపు పక్క కుర్చీలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఐమో మాస్టారు.

“ఆ రోజు మీ చేతి తొడుగు పోవడమే మా అక్క అదృష్టం, మాస్టారూ. ఊరంతా అదే మాట. తొడుగు పోకపోతే మీరు ఆ అడవి బసకు వెనక్కి వెళ్ళేవారా? మీరు వెళ్ళకపోతే అక్క ఈ మంచం మీద ఉండేదా?”

“అదంతా ఇప్పుడెందుకు, తౌనో.”

“ఎందుకేమిటి? దుకాణంలో కాఫీ బల్ల దగ్గర నిన్నంతా మీ తొడుగు గురించే. మాస్టారు తొడుగు పారేసుకున్నారు, హిల్యా బతికింది అని. ఇంతకీ దొరికిందా?”

“ఏది?”

“ఏదేమిటి మాస్టారూ, తొడుగు!”

“ఆ... దొరికింది.”

“ఎక్కడ?”

“అక్కడే. బస దగ్గర.”

“బస లోపలా, బయటా?”

“నీకెందుకురా ఆ కూపీ? పోలీసు ఉద్యోగం ఏమైనా వచ్చిందా? మాస్టారూ, మీరు కాస్త వెనక్కి జరిగి కూర్చోండి. ఆ అంచు మీద అలా కూర్చుంటే, మా వంటింట్లో గిన్నె పగలగొట్టిన పిల్లాడిలా ఉన్నారు.”

“బాగానే కూర్చున్నాను, హిల్యా. నొప్పి ఎలా ఉంది?”

“మందు వేసినప్పుడు లేదు. మందు దిగితే నేనున్నానంటుంది. ఇవి చూడండి, చేతుల్లా ఉన్నాయా? బడిలో సూపు తిప్పే పెద్ద గరిటెలున్నాయి చూడండి, అచ్చం అవే.”

“డాక్టరు ఏమన్నారు?”

“ఎడమ చెయ్యి మామూలుగా అవుతుందట. కుడి చెయ్యే... రెండు వేళ్ళ సంగతి చెప్పలేరట. తొందరపడకూడదట. చలికి గడ్డకట్టి నల్లబడింది ఎక్కడిదాకానో అదే తేలాలట. వారాలు పట్టొచ్చట.”

“ఏ వేళ్ళు?”

“మాస్టారూ, మీరు బన్ను తెచ్చారా ఏమిటి ఆ సంచిలో? వాసనొస్తోంది.”

“యాలకుల బన్ను. దుకాణంలో కొన్నదే.”

“అనుకున్నా. సెల్మక్క చేసిందైతే ఈ వాసన వీధి చివరికే... నా నోరు మండ. ఏమనుకోకండి మాస్టారూ.”

“లేదు. నిజమే. మా ఆవిడ చేస్తే వీధి చివరికి వచ్చేది.”

“తౌనో, ఒక ముక్క నా నోట్లో పెట్టరా. పెద్ద ముక్క. నేను చంటిపిల్లనేం కాదు.”

“పెడుతున్నా, నోరు తెరు. చూశారా మాస్టారూ, ఊరి పిల్లలందరికీ అన్నం పెట్టిన చెయ్యి. ఇప్పుడు ఎవరో పెడితే తినాలి. నాకు ఒళ్ళు మండిపోతోంది. అందుకే వాళ్ళను వదల్లేదు.”

“ఎవరిని?”

“ఎవరినేమిటి, ఆ హెల్సింకి జంటను. సరస్సు ఒడ్డున అద్దె ఇంట్లో దిగారు చూడండి, ఎర్ర కోట్ల వాళ్ళు. నిన్న దుకాణంలో దొరికారు.”

“ఏం చేశావు?”

“చెయ్యడానికేముంది, నాలుగు మాటలన్నాను. అందరూ ఉన్నప్పుడే అన్నాను. ఆ రోజు పొద్దున్న మీరు బస వదిలి వచ్చేశారు. వీళ్ళు మధ్యాహ్నం అటు వెళ్ళడం నేను కళ్ళారా చూశాను, మంచు బండి మీద పోతూ. సాయంత్రానికి అక్క వెళ్ళేసరికి పొయ్యిలో పుల్ల లేదు, పెట్టెలో కట్టె లేదు, అగ్గిపెట్టె కూడా లేదు. ఇంక ఎవరు? చెట్లెక్కే ఉడతలా?”

“తౌనో...”

“ఆగండి మాస్టారూ, చెప్పనివ్వండి. నేనేమన్నానంటే, అయ్యా, ఆ బసకు తాళం లేదు, అద్దె లేదు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా పడుకోవచ్చు. దుంగలు తోలేది నేను, శరత్తులో, నా బండి మీద. మేం అడిగేది ఒక్కటే. పోయేటప్పుడు కాసిని కట్టెలు చీల్చి, చితుకులు, బెరడు పెట్టి, పొయ్యి పేర్చి, పైన అగ్గిపెట్టె పెట్టి పొండి. వెనకొచ్చేవాడు చేతులు కొంకర్లుపోయి వస్తాడు. వాడు పుల్ల ఒక్కటి గీస్తే చాలాలి. ఈ ఒక్క పని చెయ్యడానికి మీకేం రోగం అన్నాను.”

“వాళ్ళేమన్నారు?”

“అదీ వినాలి మీరు! మేం వెళ్ళేసరికే అక్కడ కట్టెల్లేవు అన్నారు. మేం పొయ్యే వెలిగించలేదు, మెట్ల మీద కూర్చుని రొట్టె తిని వచ్చేశాం అన్నారు. వాళ్ళు వెళ్ళేసరికే లేవట! అంటే ఏమిటి దానర్థం? అంతకుముందు ఉన్నదెవరు? మీరు. అంటే ఐమో మాస్టారు ఖాళీ పొయ్యి వదిలి వచ్చేశారని!”

“మరి?”

“మరేమిటి, దుకాణమంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. మీ తప్పు మీరు చేసి, పోయిన భార్యను తలుచుకోవడానికి వెళ్ళిన మనిషి మీద పెడతారా అన్నాను. ఆ అమ్మాయి ఏడ్చింది. నటన. కొన్న సరుకు బల్ల మీదే వదిలేసి పోయారు.”

“వదిలేసి పోయారా?”

“వంకాయలు, పాలు, ఏవో. దుకాణం ఆవిడ మళ్ళీ సర్దుకుంది.”

“తౌనో, నువ్వు అలా అనకుండా ఉండాల్సిందిరా. వాళ్ళు కాకపోవచ్చు.”

“వాళ్ళు కాకపోతే ఎవరక్కా?”

“నాకేం తెలుసు? కాకపోవచ్చు అన్నాను.”

“నీ చేతులు అలా అయిపోతే నువ్వు వాళ్ళ వైపు మాట్లాడతావేమిటి? అసలు నువ్వెందుకు వెళ్ళావు అక్కడికి? అది చెప్పు ముందు. స్కీలు అటక మీద ఏళ్ళుగా బూజు పట్టి ఉన్నాయి. సెలవులొస్తే సోఫాలో కాళ్ళు చాపుకుని పడుకునే మనిషివి. ఒక్కసారిగా అడవి గుర్తొచ్చిందా?”

“గాలి మార్పు.”

“గాలి మార్పా?”

“ఆ. గాలి మార్పు. వంటింటి పొగ పీల్చి పీల్చి విసుగొచ్చింది. మనిషికి గాలి మారక్కర్లేదా?”

“సంచిలో సూపు డబ్బా కూడా పెట్టుకుని వెళ్ళావు గాలి మార్పుకి. పెద్ద డబ్బా.”

“ఆకలేస్తుంది కాబట్టి. ఇంకో ముక్క పెట్టు.”

“తౌనో, నేనొక మాట చెప్పాలి.”

“చెప్పండి మాస్టారూ.”

“వాళ్ళు చెప్పింది నిజం.”

“ఎవరు?”

“ఆ జంట. వాళ్ళు వెళ్ళేసరికి కట్టెలు లేవు.”

“అంటే?”

“నేనే పెట్టలేదు.”

“ఏం పెట్టలేదు?”

“పొయ్యి పేర్చలేదు. కట్టెలు చీల్చలేదు. నేను వెళ్ళిన రోజు సాయంత్రం పొయ్యి పేర్చి ఉంది. నాకంటే ముందెవరో చక్కగా పేర్చి పెట్టారు. నేను పుల్ల గీశాను, వెలిగింది. పెట్టెలో ఉన్నవి రెండు రోజులు కాల్చుకున్నాను. వచ్చేటప్పుడు ఏమీ పెట్టలేదు.”

“ఊరుకోండి మాస్టారూ!”

“నిజం చెప్తున్నాను.”

“మీ మంచితనం నాకు తెలియదా? ఆ అమ్మాయి ఏడ్చిందని చెప్పాను కదా, మీకు మనసు కరిగింది. బడిలోనూ మీరింతే. పెక్కా గాడు అద్దం పగలగొడితే గాలికి పగిలింది అన్నారు.”

“అది వేరు.”

“ఏం వేరు? వాళ్ళకు అడ్డం పడుతున్నారు. అడ్డం పడకండి. మూడో తరగతిలో మా చేత వల్లె వేయించింది మీరు. వెనక వచ్చేవాడి కోసం కట్టెలు అని. లేచి నిలబడి చెప్పమనేవారు. నాకు ఇంకా గుర్తుంది. మీరు మర్చిపోయారంటే నేను నమ్మను. ఎవరూ నమ్మరు.”

“అదే, తౌనో. ఎవరూ నమ్మరు. అందుకే నాకు సులువయింది.”

“అక్కా, నువ్వు చెప్పు ఈయనకు.”

“నేనేం చెప్పను. ఆయన్ని చెప్పుకోనీ.”

“మరి తొడుగు?”

“తొడుగు పోలేదు. రెండూ చేతులకే ఉన్నాయి.”

“డ్రైవరే కదా ఊరంతా చెప్పాడు. మాస్టారు తొడుగు మర్చిపోయి బస్సు వదిలేసి వెనక్కి వెళ్ళారని. వాడు అబద్ధం చెప్పాడా?”

“అతనికి అబద్ధం చెప్పింది నేను. బస్సు ఆపి తలుపు తీశాడు. ఎక్కండి మాస్టారూ అన్నాడు. ఎక్కకపోతే ఏదో ఒకటి చెప్పాలి కదా. నోటికి అదే వచ్చింది.”

“చేతులకు తొడుగులు పెట్టుకునే చెప్పారా?”

“జేబుల్లో పెట్టుకున్నాను. చేతులు.”

“నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.”

“ఇది చూడు. గుర్తుపట్టావా?”

“అగ్గిపెట్టె.”

“మూత చూడు.”

“నా బొగ్గు గీత. ఇది... ఇది బసలోది. నేనే పెట్టాను, దుంగలు తోలినప్పుడు. ఎవరూ ఎత్తుకుపోకుండా గీత గీస్తాను.”

“ఎత్తుకుపోయింది నేను. పొద్దున్న కాఫీకి నీళ్ళు కాచుకుని జేబులో వేసుకున్నాను. చూసుకోలేదు.”

“అక్క దగ్గర మరి అగ్గిపెట్టె...”

“నా దగ్గరుందిరా. వాగు దాటేటప్పుడు మంచు కింద నీళ్ళున్నాయి, కాలు జారింది, మోచేతుల దాకా తడిసింది. అదీ తడిసింది. అంతే. ఇంక వదిలెయ్.”

“వదిలెయ్యడమేమిటి? మాస్టారూ, నిన్న మీరు ఇదే ఊళ్ళో ఉన్నారు కదా?”

“ఉన్నాను.”

“దుకాణంలో జరిగింది మీకు నిన్ననే తెలుసా?”

“తెలుసు. పక్కింటావిడ చెప్పింది.”

“ఇందాక ‘ఏం చేశావు’ అని నన్నడిగారు.”

“అడిగాను.”

“తెలిసి అడిగారా?”

“నువ్వు కాస్త తక్కువగా అని ఉంటావేమో, పక్కింటావిడ పెంచి చెప్పిందేమోనని.”

“నేను తక్కువగా అనలేదు మాస్టారూ. మీ పేరు చెప్పి అన్నాను. మీ పేరు చెప్పి ఒక పరాయి ఊరి ఆడపిల్లను అందరి ముందు ఏడిపించాను.”

“పద. ఇప్పుడే వెళ్దాం. నేనే చెప్తాను, నువ్వు పక్కన నిలబడు చాలు.”

“ఎక్కడికి వెళ్తారు? వాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయారు. వారమంతా ఉండాల్సిన వాళ్ళు. దుకాణం ముందు నుంచే పోయింది కారు. నేను చెయ్యి కూడా ఊపాను. వెటకారంగా.”

“పేరేమిటి వాళ్ళది?”

“నేను పేరు అడిగానా? అరిచేవాడు పేరు అడుగుతాడా?”

“అద్దె ఇంటివాళ్ళకు తెలుస్తుంది.”

“తెలుస్తుంది. నేను పోయి అడుగుతాను.”

“నేనూ వస్తాను.”

“మీరు ఉండండి. మీరు ఇప్పుడు నాతో రాకండి మాస్టారూ. నాకు... నేనేమైనా అంటానేమో. మీ దగ్గర చదువుకున్నవాణ్ణి. వద్దు.”

“తౌనో! కోటు, కోటు వేసుకుని పోరా. తలుపు నెమ్మదిగా... అమ్మో. వాడు చిన్నప్పటి నుంచీ ఇంతే, కోపం తలుపుల మీద చూపిస్తాడు.”

“చూపించాల్సింది నా మీద.”

“అవును. కానీ మీ మీద చూపించలేడు. అదే వాడి బాధ.”

“హిల్యా, నీకు ముందే తెలుసా?”

“ఏది?”

“నేనేనని.”

“నన్ను మీ భుజం మీద వేసుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. దుంగలు తెచ్చి గబగబా చీల్చారు. ఆ చీల్చినంత సేపూ ‘క్షమించు, క్షమించు’ అంటూనే ఉన్నారు. తొడుగు కోసం వచ్చిన మనిషి అలా అనడు.”

“నేను పైకి అన్నానా?”

“పైకే. నాతో అంటున్నారో, సెల్మక్కతో అంటున్నారో తెలియలేదు.”

“నాకూ తెలియదు.”

“మర్చిపోయారా, మాస్టారూ? ఊరికే మర్చిపోయారా?”

“ఎలా చెప్పాలో తెలియడం లేదు. మర్చిపోయాను అంటే సరిపోదు.”

“నెమ్మదిగా చెప్పండి. నేనెక్కడికీ పోను. పోలేను కూడా.”

“ప్రతి ఏడూ ఈ సెలవుల్లో వెళ్ళేవాళ్ళం, నేనూ ఆమే. వచ్చేసే రోజు పొద్దున్న ఎవరి పని వారిది. ఊడ్చడం నాది, బూడిద ఎత్తడం నాది, వాగు నుంచి నీళ్ళు తెచ్చి పెట్టడం నాది. కట్టెలు చీల్చి పొయ్యి పేర్చడం ఆమెది. ఎప్పుడూ అనుకుని పంచుకున్నది కాదు. మొదటిసారి అలా జరిగింది, ఇంక అలాగే.”

“సెల్మక్క గొడ్డలి పడితే చూడాలి. చితుకులు వేళ్ళంత సన్నంగా తీసేది.”

“సన్నంగా తీసేది. బెరడు చుట్టలు చుట్టి మధ్యలో దోపేది. ఒకసారి నేను పేరిస్తే, ఇది పొయ్యా, పిట్టగూడా అని పీకేసి మళ్ళీ పేర్చింది. ఆ తర్వాత నేను దాని జోలికి పోలేదు.”

“మరి మొన్న?”

“మొన్న నా పని నేను చేశాను. ఊడ్చాను, బూడిద ఎత్తాను, నీళ్ళు పెట్టాను. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. స్కీలు తొడుక్కున్నాను. నిలబడ్డాను.”

“ఎందుకు?”

“అలవాటు. ఆమె రావాలి కదా బయటికి.”

“అయ్యో మాస్టారూ.”

“చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు తెలిసింది ఎందుకు నిలబడ్డానో. ఇంక ఆ తలుపు వైపు చూడబుద్ధి కాలేదు. వచ్చేశాను.”

“ఇందులో సిగ్గుపడటానికేముంది? ఎవరికైనా...”

“ఆగు. అది కాదు. అక్కడితో అయిపోతే నేను తొడుగు అని చెప్పేవాణ్ణి కాదు. నీకు చెప్పాల్సింది ఇంకా ఉంది.”

“చెప్పండి.”

“గడ్డకట్టిన చిత్తడి నేల మధ్యకు వచ్చాక గాలి కొట్టింది, జేబులో చెయ్యి పెట్టాను. అగ్గిపెట్టె తగిలింది. అప్పుడే గుర్తొచ్చింది. అగ్గిపెట్టే కాదు, అంతా. పొయ్యి ఖాళీ అని, పెట్టె ఖాళీ అని.”

“చిత్తడి దగ్గరంటే బసకు దగ్గరే.”

“దగ్గరే. వెనక్కి తిరిగితే పొగగొట్టం కనిపిస్తుంది. తిరిగాను కూడా. చూశాను. చూసి ముందుకే నడిచాను.”

“ఏమనుకుని?”

“ఎవరొస్తారులే అనుకున్నాను. సెలవులు కాబట్టి ఎవరో ఒకరు వస్తారని తెలుసు. తెలిసే అనుకున్నాను. వెనక్కి వెళ్తే ఆమె పని నా చేత్తో చెయ్యాలి. అది చేశానా, ఇంక ఆ పని నాదే. వచ్చే ఏడూ నాదే. అది నా వల్ల కాదనిపించింది. ఇదేమీ పెద్ద కారణం కాదు, హిల్యా. ఎవరో చలిలో వస్తారని తెలిసి, నాకు కష్టంగా ఉందని వచ్చేశాను. అంతే.”

“మళ్ళీ వెనక్కి వచ్చారు కదా.”

“ఎప్పుడు? రోడ్డెక్కి, బస్సు షెడ్డులో కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ అంతా తాగి. రెండు బస్సులు పోనిచ్చి. మూడోది వచ్చి తలుపు తీశాక. అగ్గిపెట్టెను బల్ల మీద పెట్టి, తీసి, పెట్టి. మధ్యాహ్నమంతా.”

“వచ్చారు కదా. రాకపోతే నేను లేను. తౌనో ఇందాక అన్నది ఆ వరకూ నిజమే.”

“అది నా ఘనత కింద రాయకు. ఒక సంగతి అడుగుతాను. నిన్నటి నుంచీ బుర్ర తొలిచేస్తోంది.”

“అడగండి.”

“బస పక్క కట్టెల కొట్టంలో దుంగలున్నాయి. గొడ్డలి గోడకే ఉంది. నువ్వు నా కంటే వేగంగా చీలుస్తావు, బడి పొయ్యికి నువ్వు చీల్చడం ఎన్నిసార్లో చూశాను. తడి చేతులతో వచ్చావు సరే. వచ్చిన వెంటనే చీలిస్తే, పొయ్యి దగ్గర ఎండు బెరడు ఉండనే ఉంది, నిప్పు అయ్యేది. నీ సంచిలో పెట్టె తడిసినా, కిటికీ మీద పాత చెకుముకి కడ్డీ ఉంటుంది, నీకు తెలుసు. ఎందుకు చీల్చలేదు?”

“ఓపిక లేక.”

“నీకా?”

“వయసు వస్తోంది మాస్టారూ.”

“హిల్యా.”

“పిల్లల్ని పిలిచినట్టు పిలవకండి.”

“ఎందుకు చీల్చలేదు?”

“వెళ్ళగానే కూర్చుండిపోయాను. అంతే.”

“నేను వచ్చేటప్పుడు బస నుంచి వాగు దాకా, వాగు నుంచి చిత్తడి అంచుదాకా కొత్త జాడలు చూశాను. స్కీల జాడలు కాదు. మోకాలి లోతు మంచులో నడిచిన జాడలు. వెళ్ళినవి, వచ్చినవి. ఆ జంటవి అనుకున్నాను. వాళ్ళు మెట్ల మీద రొట్టె తిని వెళ్ళిపోయామన్నారట. మరి అవి ఎవరివి?”

“నర్సు వస్తున్నట్టుంది.”

“ఎవరూ రావడం లేదు.”

“చెప్తే మీరు మోయలేరు, మాస్టారూ.”

“నేను మోయాల్సిందేగా అది?”

“సూపు డబ్బా గాలి మార్పుకి తీసుకెళ్ళలేదు. బడిలో గురువారం చేసే బఠాణీ సూపు. మీరొక్కరే వెళ్ళారని తెలిసి, రెండు రోజులైనా రాలేదని భయమేసింది. ఏం తింటున్నారో, అసలు తింటున్నారో లేదో. చెప్తే తౌనో నవ్వుతాడని చెప్పలేదు. మీకు చెప్తే మీకు మొహమాటం.”

“నా కోసం వచ్చావా?”

“మీ కోసమే. తలుపు తీశాను. పొయ్యి మంచుగడ్డలా ఉంది. లోపల పుల్ల లేదు, పెట్టెలో కట్టె లేదు, అగ్గిపెట్టె లేదు. ఆ హెల్సింకి వాళ్ళ సంగతి నాకు తెలియదు. నాకు తట్టింది ఒక్కటే.”

“ఏమిటి?”

“ఐమో మాస్టారు ఇక్కడికి చేరలేదు. చేరి ఉంటే పొయ్యి ఇలా ఉండదు. దారిలో ఎక్కడో పడిపోయారు. అందుకని గొడ్డలి ముట్టుకోలేదు. ఆ తడి తొడుగులతోనే బయటికి పరిగెత్తి, చీకటి పడేదాకా మిమ్మల్ని పిలుస్తూ వెతికాను.”

“నేల ఊడ్చి ఉంది కదా. నీళ్ళున్నాయి కదా. చూడలేదా?”

“చూశాను. మీకు ముందెవరో అనుకున్నాను. ఊడ్చడం ఎవరైనా చేస్తారు. కట్టెలు పెట్టకుండా మీరు వెళ్ళడం అనేది నా బుర్రకు అందలేదు.”

“గట్టిగా పిలిచావా?”

“గొంతు పోయేదాకా. మీరు రోడ్డు మీదున్నారుగా, వినపడి ఉండదు.”

“లేదు. వినపడలేదు.”

“అదిగో, అందుకే చెప్పనన్నాను. లేచారేమిటి? ఎక్కడికి?”

“నన్ను కూర్చోమనకు.”

“కూర్చోమనడం లేదు. క్షమించానని కూడా అనడం లేదు, ఇప్పుడే ఏదో ఒకటి అనమని అడగకండి. వేళ్ళ సంగతి తేలనివ్వండి, నాకూ కోపం వస్తుందేమో చూసుకుంటాను. ఒక్కటి మాత్రం చెప్పండి. ఆ రోజు నన్ను వెతుక్కుంటూ వచ్చిన తౌనో బండి మీద నన్ను పడుకోబెట్టి మనం వచ్చేశాం కదా. మీరు చీల్చినవి ఏమైనా మిగిలాయా?”

“లేదు. అన్నీ నీ కోసం కాల్చేశాను.”

“తర్వాత ఎవరైనా వెళ్ళారా అటు? తౌనో?”

“తౌనో నీ దగ్గరికీ, దుకాణానికీ తప్ప ఎటూ వెళ్ళలేదు. నేను ఇంట్లో ఉన్నాను.”

“సెలవులు ఆదివారం దాకా ఉన్నాయి, మాస్టారూ. జనం తిరుగుతూనే ఉంటారు.”

“తెలుసు.”

“మరి ఆ పొయ్యి?”

“ఖాళీగానే ఉంది, హిల్యా. ఇంకా ఎవరూ పేర్చలేదు.”